స్కాన్‌లో వెలిగేదంతా క్యాన్సర్ కాదు: లుటీషియం చికిత్స దుష్ప్రభావాలు ఎక్కడి నుంచి వస్తాయి

మా శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో రేడియేషన్ చికిత్సను ‘కరెంటు పెట్టడం’ అంటారు. క్యాన్సర్ వచ్చిన మనిషికి కోత కోస్తారు, కరెంటు పెడతారు, లేదా జుట్టు ఊడిపోయే సెలైన్లు ఎక్కిస్తారు అన్నంతవరకే చాలామందికి తెలుసు. ఈ మూడింటిలో ఏదీ కాని మరో చికిత్స పేరు ఇప్పుడు విశాఖపట్నానికో హైదరాబాద్‌కో వెళ్లి వచ్చే కుటుంబాల మాటల్లో వినిపిస్తోంది. ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సర్ ఎముకలకు పాకి, హార్మోన్ ఇంజెక్షన్లకు లొంగని దశకు చేరినప్పుడు, అణుధార్మిక మూలకాన్ని మోసుకెళ్లే మందును నరంలోకి ఎక్కించి, శరీరం లోపలి నుంచే క్యాన్సర్ కణాలకు రేడియేషన్ తగిలేలా చేస్తారు. దానిలో ఎక్కువగా వాడేది లుటీషియం 177 కాబట్టి అందరూ దానిని ‘లుటీషియం’ అనే పిలుస్తున్నారు.

దీని గురించి ఊళ్లో రెండు మాటలు తిరుగుతున్నాయి. ‘ఇది గురి చూసి కొట్టే మందు, క్యాన్సర్‌ను తప్ప దేనినీ ముట్టదు, ఇబ్బందేమీ ఉండదు’ అనేది మొదటిది. ‘ఒంట్లోకి అణుబాంబు ఎక్కించినట్టే, ఇంటిల్లిపాదికీ ముప్పు’ అనేది రెండవది. రెండూ తప్పే. మొదటిదాన్ని నమ్మిన కుటుంబం ముందు జాగ్రత్త పడదు, రెండవదాన్ని నమ్మిన కుటుంబం పనికొచ్చే చికిత్సను వదులుకుంటుంది. ఈ మందు ఇబ్బందులు పెట్టే మాట నిజమే, కానీ అవి ఎక్కడ పడితే అక్కడ వచ్చేవి కావు. మందు శరీరంలో ఏ దారిన వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఎటు నుంచి బయటికి పోతుందో తెలిస్తే ఏ ఇబ్బంది వస్తుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. ఆ దారిని చూపించే పటం చికిత్సకు ముందు తీసే స్కాన్‌లోనే ఉంటుంది.

ఆ స్కాన్ పేరు పీఎస్ఎంఏ పెట్ స్కాన్. కవిటి మండలంలో ఉండే మా పెదనాన్నకు ఆ స్కాన్ తీయించిన సాయంత్రం మా ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. ఫిల్ములో నడుము ఎముకలు, పక్కటెముకలు నల్లని చుక్కలతో నిండి ఉంటాయని మేము సిద్ధపడే ఉన్నాము. కానీ చెవుల కింద రెండు, దవడ కింద రెండు పెద్ద మచ్చలు, కళ్ల దగ్గర చిన్న చుక్కలు, వీపు వైపు రెండు చిక్కుడు గింజల్లాంటి ఆకారాలు అన్నింటికంటే గాఢంగా కనిపించాయి. తలకూ ముఖానికీ కూడా పాకిపోయిందని మా అన్నయ్య నిర్ణయించేశాడు. మరునాడు డాక్టరుగారు చెప్పిన తరువాత తెలిసింది ఏమిటంటే, చెవి కింద, దవడ కింద కనిపించినవి లాలాజల గ్రంథులు, కళ్ల దగ్గరవి కన్నీటి గ్రంథులు, వీపు వైపువి మూత్రపిండాలు. అవి ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా ఆ స్కాన్‌లో అలాగే కనిపిస్తాయి. ఆ మాట విని మేము ఊపిరి పీల్చుకున్నాము. అయితే ఆ రోజు మాకు తట్టని విషయం ఒకటి ఉంది. స్కాన్ మందు ఎక్కడెక్కడ ఆగిందో, రేపు చికిత్స మందు కూడా అక్కడల్లా ఆగుతుంది.

ఎందుకో చూద్దాము. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద పీఎస్ఎంఏ (ప్రొస్టేట్ స్పెసిఫిక్ మెంబ్రేన్ యాంటిజెన్) అనే మాంసకృత్తు సాధారణ కణాల మీద కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. దానికి అతుక్కునే చిన్న అణువు ఒకదాన్ని జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో తయారుచేసి పీఎస్ఎంఏ 617 అని పేరు పెట్టారు. దానికి గాలియం వంటి మూలకాన్ని తగిలిస్తే స్కాన్‌లో కనిపిస్తుంది, లుటీషియం 177ను తగిలిస్తే చికిత్స అవుతుంది. గాలంలాంటి అణువు ఒకటే, దానికి కట్టిన బరువే వేరు. లుటీషియం 177 వదిలే బీటా కణాలు కణజాలంలో మహా అయితే 2 మిల్లీమీటర్ల దూరం వెళ్లి ఆగిపోతాయి. ఆ మేరకు ‘గురి చూసి కొట్టడం’ అన్న మాట నిజమే. అయితే పీఎస్ఎంఏ అనే పేరులో ప్రొస్టేట్ ఉన్నంత మాత్రాన అది ప్రొస్టేట్ ఒక్కదాని సొత్తు కాదు. మూత్రపిండాల్లోని సన్నని నాళికల లోపలి గోడ మీద, చిన్నపేగు మొదటి భాగంలో, లాలాజల గ్రంథుల్లో, కన్నీటి గ్రంథుల్లో కూడా అది ఎంతో కొంత ఉంటుంది. లాలాజల గ్రంథులైతే ఆ మాంసకృత్తుతో నిమిత్తం లేకుండా కూడా ఈ మందును పీల్చుకుంటాయి. ఉత్తరం మీద రాసిన చిరునామా ఒకటే అయినా అదే ఇంటి నంబరు మరో నాలుగు వీధుల్లో ఉన్నట్టు, మందు అక్కడికీ చేరుతుంది.

ఎంత చేరుతుందో లెక్క కూడా ఉంది. ప్లూవిక్టో అనే పేరుతో అమ్మే లుటీషియం మందును సాధారణంగా ఒక్కో విడతకు 7.4 గిగాబెకెరెల్‌ల (ఇది అణుధార్మికతకు కొలత) చొప్పున, 6 వారాలకు ఒకసారి, గరిష్ఠంగా 6 విడతలు ఇస్తారు. ఆ ఆరు విడతలూ పూర్తయితే లాలాజల గ్రంథులకు సుమారు 28 గ్రే, మూత్రపిండాలకు సుమారు 19 గ్రే, కన్నీటి గ్రంథులకు సుమారు 92 గ్రే రేడియేషన్ చేరుతుందని ఆ మందు అధికారిక సమాచార పత్రం చెబుతుంది. గ్రే అంటే కణజాలం పీల్చుకున్న రేడియేషన్‌కు కొలత. పోలిక కోసం చెప్పాలంటే, బయటి నుంచి యంత్రంతో ఇచ్చే రేడియేషన్‌లో మూత్రపిండాలకు 23 గ్రే దాటకూడదనేది వైద్యులు చాలాకాలంగా పాటిస్తున్న హద్దు. రోజుల తరబడి మెల్లగా చేరే రేడియేషన్ కాబట్టి దీనిని అదే కొలబద్దతో తూకం వేయలేము. అయినా 19 అనేది కొట్టిపారేయదగిన అంకె కాదని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

ఇక అనుభవంలోకి వచ్చిన లెక్కలు. ఈ చికిత్సకు పునాది వేసిన పరిశీలన పేరు విజన్. హార్మోన్ మందులూ కీమోథెరపీ కూడా అయిపోయిన 831 మంది అందులో పాల్గొన్నారు. ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి, 2022 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందుకు అనుమతి ఇచ్చింది. అప్పటికి వాడుకలో ఉన్న చికిత్స మాత్రమే పొందిన వారిలో సగం మంది 11.3 నెలలకు మించి జీవించగా, దానికి లుటీషియం తోడైన వారిలో సగం మంది 15.3 నెలలకు మించి జీవించారు. ఈ నాలుగు నెలల తేడాను తక్కువ చేసి మాట్లాడే వారిని చూశాను. మనవరాలి పెళ్లి చూడాలని రోజులు లెక్కపెట్టుకునే మనిషికి నాలుగు నెలలంటే ఏమిటో వారికి తెలియదనే అనుకుంటాను. అయితే ఆ నెలలు ఎలా గడుస్తాయన్నది కూడా అంతే ముఖ్యమైన ప్రశ్న. లుటీషియం తీసుకున్న వారిలో 43 శాతం మందికి నీరసం, 39 శాతం మందికి నోరు ఎండిపోవడం, 35 శాతం మందికి వికారం, 32 శాతం మందికి రక్తహీనత కలిగాయి. నీరసం, వికారం, రక్తహీనత మందు తీసుకోని వారిలో కూడా కొంత ఉన్నాయి, ఎందుకంటే ముదిరిన క్యాన్సరే వాటిని తెస్తుంది. నోరు ఎండటం మాత్రం మందు తీసుకోని వారిలో 1 శాతం కూడా లేదు. కనుక అది పూర్తిగా మందు పనే.

నోరు ఎండటాన్ని వైద్య పుస్తకాలు తేలికపాటి ఇబ్బందుల జాబితాలో వేస్తాయి. ప్రాణాపాయం లేదు కాబట్టి ఆ లెక్క ప్రకారం అది సరైనదే కావచ్చు. కానీ మా పెదనాన్న భోజనం చేసేటప్పుడు పక్కన కూర్చుని చూసిన తరువాత ‘తేలిక’ అనే మాట నేను వాడలేకపోతున్నాను. రెండో విడత అయిన మూడు వారాలకు కాబోలు, అన్నంలో పప్పు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు, నమిలాడు, మింగలేదు. మరచెంబు ఎత్తి ఒక గుక్క నీళ్లు తాగితే గాని ముద్ద దిగలేదు. ప్రతి ముద్దకూ ఒక గుక్క. చంటివాడికి తినిపించినంత సేపు పట్టింది. ‘ఏటి తిన్నా ఇసక నమిలినట్టుంటాదిరా బాబూ’ అన్నాడు. వేపుళ్లు, ఎండు చేప, వేయించిన జీడిపప్పు ఇష్టంగా తినే మనిషి వాటిని పూర్తిగా మానేశాడు. ఆవకాయ నాలుకకు తగిలితే భగ్గుమంటోందని పక్కన పెట్టేశాడు. చివరికి ఆయనకు ఒంటబట్టింది ఆయన చిన్ననాటి తిండే. పొద్దున్నే చోడి అంబలి, మధ్యాహ్నం మెత్తగా ఉడికించి మజ్జిగ పోసిన అన్నం, సాయంత్రం గంజి.

లాలాజలం అంటే నోరు తడిగా ఉంచే నీరు మాత్రమే కాదు. పళ్లు పుచ్చకుండా కాపాడేది, నోట్లో బూజు వంటి పూత పెరగకుండా ఆపేది, రుచి తెలియజేసేది అదే. అది తగ్గిన నోట్లో పళ్లు త్వరగా పాడవుతాయి. అందువల్ల మొదటి ఇంజెక్షన్‌కు ముందే పళ్ల డాక్టరుకు చూపించుకుని పుచ్చిన వాటికి చికిత్స చేయించుకోవడం మంచిది. ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ వంటి ఇంజెక్షన్లు కూడా తీసుకుంటున్నవారు తరువాత పన్ను పీకించుకుంటే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఈ జాగ్రత్త వారికి రెండింతలు అవసరం. మరొక మాట మా తీర ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పాలి. చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఇక్కడి పాత తరంలో ఆడవారికీ మగవారికీ ఇంకా ఉంది. మామూలు రోజుల్లోనే అంగిలి మీద పుండ్లు, క్యాన్సర్ తెచ్చే అలవాటు అది. లాలాజలం ఎండిన నోటికి ఆ వేడి మరింత చేటు చేస్తుంది.

ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు చెంపల మీద ఐసు ముక్కలు పెడితే గ్రంథులకు మందు తక్కువగా చేరుతుందని కొన్ని చోట్ల చేస్తారు. దానివల్ల చెప్పుకోదగ్గ రక్షణ ఉందని గట్టిగా రుజువు కాలేదు, కాబట్టి దాని మీద భారం వేయకూడదు. నిజంగా పనిచేసేది మోతాదు విషయంలో డాక్టరు తీసుకునే నిర్ణయం. నోరు ఎండటం వల్ల తిండి మార్చుకోవాల్సి వచ్చే స్థాయికి చేరితే తరువాతి విడతను వాయిదా వేయవచ్చు, మోతాదును 20 శాతం తగ్గించవచ్చు. తిండి నోటి ద్వారా సరిపడా తీసుకోలేని స్థితి వస్తే మందును పూర్తిగా ఆపేయాలి. ఈ వెసులుబాటు ఉందని తెలియక, ‘ఓర్చుకోవాలి కాబోలు’ అనుకుని డాక్టరు అడిగినా ‘బాగానే ఉంది సార్’ అని చెప్పే పెద్దవారు మన దగ్గర ఎక్కువ. వెంట వెళ్లే కొడుకో కూతురో నోరు విప్పి చెప్పాలి.

లుటీషియం కంటే బలమైన ఆక్టినియం 225ను అదే గాలానికి తగిలించి ఇచ్చే చికిత్స కూడా ఉంది. అది వదిలే ఆల్ఫా కణాలు కొన్ని కణాల మందం దూరం మాత్రమే వెళ్తాయి గాని, వెళ్లినంత మేరా చేసే విధ్వంసం బీటా కణాల కంటే చాలా ఎక్కువ. లుటీషియంకు లొంగని క్యాన్సర్‌లు కొన్ని దీనికి లొంగుతాయి. అదే బలం లాలాజల గ్రంథుల మీద కూడా పడుతుంది. ఆస్ట్రేలియా, జర్మనీ, దక్షిణాఫ్రికాలతో పాటు మన దేశంలోని కేంద్రం కూడా పాలుపంచుకుని 488 మంది వివరాలను సమీక్షించిన అధ్యయనంలో, 68 శాతం మందికి మొదటి విడత తరువాతే నోరు ఎండటం మొదలైంది. హైడెల్‌బర్గ్‌లో 40 మందికి ఇచ్చిన తొలి రోజుల్లో నలుగురు కేవలం ఆ బాధ తాళలేకే చికిత్స మానుకున్నారు. క్యాన్సర్ తగ్గుతున్నా మందు వద్దనుకునేంత బాధ అది అని గుర్తుంచుకుంటే, ‘తేలికపాటి ఇబ్బంది’ అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది.

రక్తం సంగతికి వద్దాము. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకినప్పుడు అది కూర్చునే చోటు, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జ ఉండే చోటు చాలావరకు ఒకటే. వెన్నెముక, తుంటి, పక్కటెముకలు. అక్కడి క్యాన్సర్ గడ్డలకు అతుక్కున్న మందు నుంచి వెలువడే బీటా కణాలు 2 మిల్లీమీటర్ల దూరంలో పక్కనున్న మజ్జకు కూడా తగులుతాయి. అందువల్ల హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. విజన్ పరిశీలనలో లుటీషియం పొందిన వారిలో దాదాపు 13 శాతం మందికి రక్తం ఎక్కించాల్సిన అవసరం పడేంత తీవ్ర రక్తహీనత, దాదాపు 8 శాతం మందికి ప్లేట్‌లెట్లు తీవ్రంగా పడిపోవడం జరిగింది. ఎముకల నిండా క్యాన్సర్ ఉన్నవారికి, అప్పటికే డోసిటాక్సెల్ వంటి కీమో ఎక్కువ విడతలు తీసుకున్నవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ, ఎందుకంటే వారి మజ్జలో నిల్వ బలం అప్పటికే కరిగిపోయి ఉంటుంది.

నోరు ఎండటానికీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. నోరు ఎండితే మనిషికి తెలుస్తుంది, ప్లేట్‌లెట్లు తగ్గితే తెలియదు. పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం కారడం, దెబ్బ తగలకుండానే చర్మం మీద కందిన మచ్చలు రావడం వంటివి కనిపించేసరికి అవి బాగా తగ్గిపోయి ఉంటాయి. ప్లేట్‌లెట్లు 75 వేల లోపుకు వస్తే తరువాతి విడతను ఆపి కోలుకునే దాకా వేచి చూస్తారు. 50 వేల లోపుకు వస్తే, కోలుకున్న తరువాత మోతాదును కూడా తగ్గిస్తారు. ప్రతి విడతకు ముందూ మధ్యలోనూ రక్త పరీక్ష తప్పనిసరి అనేది అందుకే. సోంపేటలోనో పలాసలోనో రాజాంలోనో చేయించి ఫలితాన్ని ఫోన్‌లో పంపితే సరిపోయే పరీక్ష అది, దానికోసం విశాఖ దాకా వెళ్లనక్కరలేదు. జ్వరం వస్తే మాత్రం ‘చూద్దాం’ అని ఊళ్లోనే రెండు రోజులు ఆగకూడదు. తెల్లకణాలు తగ్గిన మనిషికి జ్వరం మామూలు జ్వరం కాదు.

మూత్రపిండాల విషయం మా జిల్లాకు ప్రత్యేకమైనది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. కణాలకు అతుక్కోని మందు అంతా మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువభాగం మూత్రం ద్వారా బయటికి పోతుంది. కొంత మందు మూత్రపిండాల నాళికల గోడకే అతుక్కుని అక్కడే రేడియేషన్ వదులుతుంది. ఆరోగ్యమైన మూత్రపిండాలు ఉన్నవారిలో దీనివల్ల తక్షణం పెద్ద హాని జరగడం అరుదు. కానీ మూత్రపిండాలు ముందే బలహీనంగా ఉంటే రెండు విధాల నష్టం. మందు బయటికి పోవడం ఆలస్యమై ఒంట్లో ఎక్కువసేపు తిరుగుతుంది కాబట్టి మజ్జకూ గ్రంథులకూ అదనపు రేడియేషన్ తగులుతుంది. ఇక మిగిలిన కొద్దిపాటి మూత్రపిండాల శక్తి కూడా క్రమంగా తరుగుతుంది.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, అంటే ఉద్దానంలో, దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తేవడం, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రినీ పరిశోధన కేంద్రాన్నీ తెరవడం ఆ వ్యాధి కారణంగానే జరిగాయి. ఆ వ్యాధి స్వభావం ఏమిటంటే, అది షుగరు, బీపీ లేనివారికి కూడా వస్తుంది. ముఖ్యంగా మూత్రపిండాల నాళికలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. కాళ్ల వాపు, మూత్రంలో నురగ వంటి గుర్తులు పెద్దగా చూపకుండా చాలా ఏళ్లు లోలోపలే పెరుగుతుంది. లుటీషియం మందు అతుక్కునేది కూడా ఆ నాళికలకే. రెండు దెబ్బలూ ఒకే చోట పడతాయి. విజన్ పరిశీలనలోకి మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవారిని అసలు తీసుకోలేదు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం ఎక్కువగా ఉంటే, మూత్రపిండాలు దానిని వడకట్టే వేగం, అంటే క్రియాటినిన్ క్లియరెన్స్, నిమిషానికి కనీసం 50 మిల్లీలీటర్లు ఉన్నవారినే చేర్చుకున్నారు. కాబట్టి ఆ ఫలితాలను ఉద్దానం రోగికి ఉన్నదున్నట్టు వర్తింపజేయకూడదు.

ఇక్కడ ఒక మోసం ఉంది. రిపోర్టులో క్రియాటినిన్ 1.2 అని కనిపిస్తే ‘బాగానే ఉంది’ అని అందరూ తేలికపడతారు. క్రియాటినిన్ కండ నుంచి పుడుతుంది. హార్మోన్ చికిత్సతో కండ కరిగిపోయి, 70 ఏళ్లు దాటి, 48 కిలోలకు తగ్గిన మనిషిలో 1.2 అంటే మూత్రపిండాలు సగానికి సగం శక్తి కోల్పోయి ఉండవచ్చు. అందువల్ల వయసు, బరువు కలిపి లెక్కగట్టిన క్లియరెన్స్ ఎంత ఉందో అడిగి తెలుసుకోవాలి. కుటుంబంలో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నా, డయాలిసిస్ జరిగినా, మీది ఏ మండలమో, ఎన్నేళ్లు అక్కడి బోరునీళ్లు తాగారో, ఇవన్నీ డాక్టరు అడగకపోయినా చెప్పాలి. విశాఖలో కూర్చున్న అణువైద్య నిపుణుడికి ఆధార్ కార్డు మీద ఊరి పేరు చూసి ఇదంతా తట్టకపోవచ్చు.

మూత్రపిండాలను అదనంగా దెబ్బతీసేవి మరికొన్ని మన చేతుల్లోనే ఉన్నాయి. ఎముకల నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే నొప్పి బిళ్లలు వాటిలో మొదటివి. నొప్పిని భరించమని నేను అనడం లేదు. ముదిరిన క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వంటి మందులు ఉన్నాయి, సరైన మోతాదులో అవి మూత్రపిండాల మీద ఆ రకమైన దెబ్బ వేయవు, వాటిని అడిగి రాయించుకోవడం రోగి హక్కు. ఎండలో కొబ్బరితోటలో, జీడితోటలో పనిచేసి ఒళ్లు నీరు కోల్పోవడం రెండవది. ప్రొస్టేట్ పెరిగి మూత్రం దారికి అడ్డుపడటం మూడవది, అది స్కాన్‌లో మూత్రపిండం ఉబ్బినట్టు కనిపిస్తుంది. అడ్డు ఉంటే ముందు దాన్ని తొలగించిన తరువాతే లుటీషియం ఇవ్వాలి. లేకపోతే అణుధార్మిక మూత్రం లోపలే నిలిచిపోతుంది.

ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ముప్పు అన్న భయం సంగతి. లుటీషియం 177 అణుధార్మికత ఆరున్నర రోజులకు పైగా గడిచేసరికి సగమవుతుంది. బీటా కణాలు చర్మం దాటి రావు గాని, దానితో పాటు కొద్దిగా వెలువడే గామా కిరణాలు బయటికి వస్తాయి. అందుకే మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం, రోగి నుంచి వెలువడే రేడియేషన్ హద్దులోకి వచ్చే దాకా ప్రత్యేకమైన గదిలో ఉంచి అప్పుడే ఇంటికి పంపుతారు. ఇంటికి వచ్చిన తరువాత రెండు రోజులు అందరికీ, 7 రోజులు పిల్లలకూ గర్భిణులకూ ఒక మీటరు కంటే దగ్గరగా ఎక్కువసేపు ఉండకూడదు. పడక విషయంలో పెద్దవారి నుంచి 3 రోజులు, పిల్లల నుంచి 7 రోజులు, గర్భిణుల నుంచి 15 రోజులు వేరు గదిలో ఉండాలి. మరుగుదొడ్డిలో కూర్చుని మూత్రం పోసి రెండుసార్లు నీళ్లు కొట్టాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, బట్టలు విడిగా ఉతకాలి. చివరి విడత తరువాత 14 వారాలు సంతానం కలగకుండా జాగ్రత్త పడాలి. ఇంతకు మించి భయపడవలసింది లేదు. కంచం వేరు చేసి వరండాలో కూర్చోబెట్టి, ముట్టుకుంటే అంటుకుంటుందన్నట్టు చూడటం శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు. ఒకే గది ఉన్న ఇళ్లకు మాత్రం ఈ నియమాలు నిజంగా కష్టమే. అలాంటివారు ఆ వారం పిల్లలను మేనమామ ఇంటికి పంపడమే అన్నింటికంటే తేలికైన మార్గం.

ఆసుపత్రి నుంచి వచ్చే ప్రయాణం గురించి కూడా ముందే అడగాలి. విశాఖ నుంచి కవిటికి రైల్లో మనుషుల మధ్య ఇరుక్కుని నాలుగు గంటలు రావడం కంటే, వాహనంలో వెనుక సీటులో ఒంటరిగా కూర్చుని రావడం మేలు. అయితే దారిలో ఎక్కువ నీళ్లు తాగాలి, తరచూ మూత్రానికి ఆగాలి. మేము ఈ రెండో మాట తెలియక, పెదనాన్న మూత్రాన్ని బిగబట్టుకుని వస్తుంటే దారిలో ఎక్కడా ఆపకుండా తీసుకొచ్చాము. మూత్రాశయంలో నిలిచిన ప్రతి నిమిషమూ అక్కడ రేడియేషన్ తగులుతుందని తరువాత తెలిసి బాధపడ్డాను.

కొన్ని గుర్తులు మాత్రం రాత్రి అయినా సరే ఆసుపత్రికి పరుగెత్తవలసినవి. మొదటి రోజుల్లో ఎముకల నొప్పి కొద్దిగా పెరిగి తగ్గడం సాధారణమే. కానీ వెన్నునొప్పి పెరుగుతూ కాళ్లు బలహీనపడటం, తిమ్మిరెక్కడం, మలమూత్రాల మీద పట్టు తప్పడం కనిపిస్తే వెన్నెముకలోని గడ్డ వెన్నుపామును నొక్కుతోందని అనుమానించాలి. గంటలు గడిచేకొద్దీ నడక తిరిగి రాకుండా పోయే స్థితి అది.

లుటీషియం కాకుండా రేడియం 223 అనే మందు కూడా ఉంది. అమెరికాలో 2013 నుంచి వాడుకలో ఉంది. దానికి పీఎస్ఎంఏతో సంబంధం లేదు. ఎముక దానిని కాల్షియం అనుకుని తీసుకుంటుంది. అందుకే దానితో నోరు ఎండదు. పేగుల ద్వారా బయటికి పోతుంది కాబట్టి విరేచనాలు, వికారం వస్తాయి. మందు దారిని బట్టే ఇబ్బంది అన్న మాటకు ఇది మంచి ఉదాహరణ. అయితే దానిని అబిరాటెరోన్ అనే హార్మోన్ చికిత్స మాత్రలతో కలిపి ఇచ్చిన పరిశీలనలో ఎముకలు విరగడం ఎక్కువైంది. కాబట్టి ఎముకలను బలపరిచే మందు లేకుండా దానిని వాడరాదు.

ఇంత చెప్పినా కీమోతో పోల్చి చూసినప్పుడు లుటీషియం నిజంగానే తేలిక అన్నది నా అభిప్రాయం. దానికి ఆధారమూ ఉంది. ఆస్ట్రేలియాలో 200 మందిపై లుటీషియంనూ కాబాజిటాక్సెల్ అనే కీమో మందునూ ముఖాముఖి పోల్చినప్పుడు, తీవ్రమైన దుష్ప్రభావాలు లుటీషియం వర్గంలో 33 శాతం మందికీ, కీమో వర్గంలో 53 శాతం మందికీ కలిగాయి. ప్రొస్టేట్ క్యాన్సర్ తీరును రక్త పరీక్షలో చూపే పీఎస్ఏ అనే కొలత సగానికి పైగా తగ్గినవారు లుటీషియంతో 66 శాతం, కీమోతో 37 శాతం. 2025 మార్చిలో అమెరికాలో కీమోకు ముందే దీనిని వాడేందుకు అనుమతి లభించింది. అంటే ఇంకా ఎక్కువకాలం జీవించబోయే రోగులకు ఈ మందు వెళ్తుంది. ఏళ్ల తరువాత బయటపడే మూత్రపిండాల నష్టం, మజ్జ నష్టం పదిహేను నెలల ఆయుష్షు ఉన్నవారిలో లెక్కకు రాకపోవచ్చు గాని, వీరి విషయంలో లెక్కలోకి తప్పక వస్తుంది.

పెదనాన్న చేత సంతకం చేయించిన అంగీకార పత్రం నాలుగు పేజీల ఇంగ్లీషు. పేజీకొక సంతకం పెట్టించి తీసుకున్నారు గాని, అందులో ఉన్నది తెలుగులో చదివి వినిపించినవారు లేరు. నోరు ఎండుతుందని, మూత్రపిండాల మీద భారం పడుతుందని ఆ పేజీల్లో రాసే ఉందని నేను తరువాత చదివి తెలుసుకున్నాను. అందుకే మూడో విడతకు వెళ్లేముందు గోడ మీది క్యాలెండరు చించి వెనుక పెద్ద అక్షరాలతో రాశాను: క్లియరెన్స్ ఎంత, ప్లేట్‌లెట్లు ఎన్ని, ముద్ద దిగడం లేదు మోతాదు తగ్గిస్తారా, ఈసారి ఆపితే ఏమవుతుంది. పెదనాన్న దానిని నాలుగుగా మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, డాక్టరుగారి ఎదుట కళ్లజోడు సవరించుకుని, ఒక్కో ప్రశ్నా తానే చదివాడు. ప్లేట్‌లెట్లు 68 వేలు ఉన్నాయి. విడత వాయిదా పడింది. అయిదు వారాలకు అవి లక్ష దాటాయి. మోతాదు తగ్గించి ఇచ్చారు. ఈసారి తిరుగు దారిలో నాలుగు చోట్ల ఆగాము.